ఉప్పులో దాచిన ఎండ

2016 సెప్టెంబరు నెలాఖరు. తెల్లవారుజామున అయిదున్నర. కారు తలుపు తీసి కాలు కింద పెట్టగానే చలి చెవులు పట్టుకుంటుంది. ఎడారి అనగానే మనకు ఎండే గుర్తొస్తుంది గానీ, నెవాడాలోని ఈ లోయ సముద్రమట్టానికి ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉంది. శాలువా కప్పుకోండి. రాత్రి లాస్ వెగాస్‌ నుంచి 340 కిలోమీటర్లు ఉత్తరంగా వచ్చి, టోనోపాలో పడుకుని, మళ్లీ ఇరవై కిలోమీటర్లు బీడు నేలల మీదుగా వచ్చిన దారి ఇది. 1900లో వెండి దొరికి పుట్టిన ఊరు టోనోపా. వెండి అయిపోయాక చిక్కి, కొండల మధ్యలో అలాగే మిగిలిపోయింది. ఇప్పుడు ఆ ఊరికి మళ్లీ ఒక గని దొరికిందంటున్నారు. ఈసారి తవ్వేది ఆకాశాన్ని.

ఎదురుగా చీకట్లో ఇంకొంచెం నల్లగా నిలబడ్డ గీత కనిపిస్తోందా? అదే టవరు. 195 మీటర్లు. మన నాగార్జున సాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు, దానికి ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ. ఇంత మైదానంలో పక్కన పోల్చడానికి చెట్టైనా లేకపోవడం వల్ల ఆ ఎత్తు వెంటనే తెలియదు. దగ్గరికి నడిచేకొద్దీ తల వెనక్కి వాలుతూ పోతుంది. దీని పేరు క్రెసెంట్ డ్యూన్స్. దగ్గర్లో నెలవంకల్లా ఉండే ఇసుక తిన్నెల పేరే దీనికీ పెట్టారు.

తూర్పు తెల్లబడుతోంది. ఇప్పుడు చుట్టూ చూడండి. చెరువు నిండినట్టు నేలంతా ఆకాశం పరుచుకుని ఉంది. నీళ్లు కావవి, అద్దాలు. టవరును నడిమధ్యన పెట్టుకుని, వలయాలు వలయాలుగా, వెల్లకిలా పడుకున్న అద్దాలు. మొత్తం 10,347. ఒక్కోదాని వైశాల్యం 115.7 చదరపు మీటర్లు. మన లెక్కలో 138 గజాలు, అంటే చిన్న ఇల్లు కట్టుకునేంత జాగా. ఆ జాగా అంత అద్దాన్ని ఒకే స్తంభం మీద నిలబెట్టి, అటూ ఇటూ, పైకీ కిందికీ తిరిగేలా మోటార్లు బిగించారు. దీన్ని హీలియోస్టాట్ అంటారు. అన్నీ కలిపితే దాదాపు 296 ఎకరాల అద్దం.

సూర్యుడు కొండ మీదికి తల ఎత్తాడు. చెవి పెట్టి వినండి, సన్నగా మోటార్ల గుర్రు. దగ్గర్లోని అద్దం నెమ్మదిగా లేస్తోంది, నిద్ర లేచిన మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు. దాని వెనక ఇంకోటి. కానీ అన్నీ ఒకేసారి లేవవు. ఎందుకో తెలియాలంటే టవరు కొస వైపు చూడాలి. ఆ కొసన, కాంక్రీటు అయిపోయాక, పైన ముప్పై మీటర్ల మేర నల్లటి పట్టీ ఉంది చూశారా? అది రిసీవర్. నికెల్ కలిసిన లోహంతో చేసిన సన్నటి గొట్టాలు నిలువుగా, పక్కపక్కన, తడిక అల్లినట్టు పేర్చి నల్లరంగు పూశారు. రాత్రంతా అవి ఖాళీగా చల్లబడి ఉన్నాయి. పది వేల అద్దాల ఎండ ఒక్కసారిగా కొడితే లోహం వంకర్లు పోతుంది. అందుకని మొదట కొన్నే అద్దాలు తిరిగి, గొట్టాల్ని గోరువెచ్చగా మొదలుపెట్టి, వందల డిగ్రీల దాకా కాచుతాయి. పొయ్యి మీద ఖాళీ మట్టికుండ పెట్టి పెద్ద మంట వేస్తే ఏమవుతుందో మన అమ్మమ్మలకు తెలుసు. ఇక్కడా అదే జాగ్రత్త.

మిగిలిన అద్దాలు ఈలోగా తమ వంతు కోసం ఎదురు చూస్తూ, వెలుతురును టవరు పక్కన ఖాళీ గాలిలోకి చూపిస్తుంటాయి. దీని వెనక ఒక చేదు సంగతి ఉంది. 2015 జనవరిలో పరీక్షలు చేస్తున్నప్పుడు ఇలా ఎదురు చూసే అద్దాలన్నీ టవరు పైన ఒకే చోటికి గురిపెట్టాయి. గాలిలో వెలుగుల వలయం ఒకటి ఏర్పడింది. అందులోకి ఎగిరిన పక్షులు వందకు పైగా కాలిపోయాయి. తర్వాత గురిని చెదరగొట్టారు. ఏ చోటా నాలుగు సూర్యుళ్ల వెలుగుకు మించి పోగుపడకుండా అద్దాల్ని తలో దిక్కుకూ తిప్పారు. అంత చిన్న మార్పు ముందే చేసి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి కదా అని నాకు ఇప్పటికీ మనసు మూలుగుతుంది.

తొమ్మిదవుతోంది. రిసీవర్ వైపు సూటిగా చూడొద్దు, నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. ఇందాక నల్లగా ఉన్న పట్టీ ఇప్పుడు తెల్లగా మండుతోంది. మామూలు ఎండకు కొన్ని వందల రెట్లు అక్కడ పోగైంది. టవరు చుట్టూ గాలిలో తేలే ధూళి వెలుగు పట్టి, అద్దాల దగ్గర్నుంచి కొస దాకా కిరణాలు చూరు వాసాల్లా కనిపిస్తున్నాయి.

మనం అన్నిటికన్నా దూరపు వరసలోకి వెళదాం. టవరు నుంచి కిలోమీటరు దాటి వచ్చేశాం. ఈ అద్దం పని ఎంత కష్టమో ఇక్కడ నిలబడితేనే అర్థమవుతుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. అందుకే అద్దం ఎంత నిక్కచ్చిగా ఉన్నా, కిలోమీటరు దూరంలో దాని వెలుగు తొమ్మిది మీటర్ల మచ్చగా విచ్చుకుంటుంది. ఇక అద్దం వెయ్యిలో ఒక వంతు రేడియన్ పక్కకు వాలిందనుకోండి, అంటే మీటరు పొడవులో ఒక మిల్లీమీటరు తేడా, మచ్చ అక్కడ రెండు మీటర్లు జరిగిపోతుంది. కొంత వెలుగు రిసీవర్ పక్కనుంచి ఎడారిలోకి కారిపోతుంది. గాలికి ఊగని స్తంభం, అరగని గేరు, వంగని చట్రం, రోజంతా సూర్యుణ్నీ టవరునూ రెంటినీ కనిపెట్టుకుంటూ వాటి మధ్య సరిగ్గా సగం కోణంలో నిలిచే లెక్క. ఇవన్నీ పది వేల సార్లు కొనాలి. టవరు విద్యుత్కేంద్రం కట్టే ఖర్చులో మూడో వంతో, అంతకన్నా ఎక్కువో ఈ అద్దాల పొలానికే పోతుంది.

ఆ ఖర్చు ఎలా ఉంటుందో చూడండి. ఇలాంటి కేంద్రాలు లేచిన రోజుల్లో చదరపు మీటరు అద్దం, దాని స్తంభం, మోటార్లు, బిగింపు కలిపి 200 డాలర్ల దాపున పడేది. ఇక్కడి 12 లక్షల చదరపు మీటర్లకు ఆ రేటు కడితే 24 కోట్ల డాలర్లు. దాన్ని 75 డాలర్లకు దించాలని అమెరికా ఇంధన శాఖ లక్ష్యం పెట్టుకుంది. దిగితే ఇదే పొలం 9 కోట్లకే వస్తుంది. అందుకని ప్రపంచమంతా ఇంజనీర్లు అద్దం సైజు మీద వాదించుకున్నారు. ఇక్కడ 138 గజాల అద్దాలు. కాలిఫోర్నియాలోని ఇవాన్‌పాలో చిన్నవి, కానీ 1,73,500 హీలియోస్టాట్లు, మూడు టవర్లు. పెద్ద అద్దానికి మోటార్లు తక్కువ, గాలి తాకిడి ఎక్కువ. చిన్నదానికి గాలి బెడద లేదు, వైర్లూ మోటార్లూ కుప్పలు. నా మటుకు నాకు, ఈ వాదన ఇంకా తేలలేదు.

మళ్లీ టవరు కిందికి వద్దాం. అసలు సంగతి ఇక్కడుంది.

ఒకదానికొకటి దూరంగా రెండు పెద్ద గుండ్రటి ట్యాంకులు ఉన్నాయి, వెండి రేకు చుట్టినట్టు. ఒక్కోటి 43 మీటర్ల అడ్డం, 12 మీటర్ల ఎత్తు. వాటిలో ఉన్నది ఉప్పు. పప్పులో వేసే ఉప్పు కాదు. అరవై పాళ్లు సోడియం నైట్రేట్, నలభై పాళ్లు పొటాషియం నైట్రేట్. రెండోది మనకు బాగా తెలిసినదే, బాణాసంచాలో వేసే సురేకారం, కొన్ని ఊళ్లలో పెట్లుప్పు అంటారు. రెండూ పొలంలో ఎరువులే. దాదాపు 32,000 టన్నుల ఆ తెల్లటి పొడిని తెచ్చి కరిగించి పోశారు. కరిగాక అది నీళ్లలా పలచగా పారుతుంది. నీరైతే ఇంత వేడికి ఆవిరై ఒత్తిడితో గొట్టాలు పేల్చేది. ఇది మామూలు గాలి ఒత్తిడిలోనే అణకువగా ఉంటుంది.

దాని ప్రయాణం చూడండి. చల్ల ట్యాంకులో 290 డిగ్రీలు. ఇక్కడ చల్లన అంటే అదే. అక్కడ్నుంచి పంపులు దాన్ని టవరు కొసకు ఎక్కిస్తాయి. మండుతున్న గొట్టాల్లో తిరిగి 565 డిగ్రీలకు కాగి, కిందికి దిగి, వేడి ట్యాంకులోకి చేరుతుంది. కరెంటు కావాల్సినప్పుడు వేడి ఉప్పును తోడి, దాంతో నీళ్లు కాచి, ఆవిరితో 110 మెగావాట్ల టర్బైన్ తిప్పి, చల్లారిన ఉప్పును మళ్లీ మొదటి ట్యాంకుకు పంపిస్తారు. ఎండ పట్టడం ఒక పని, కరెంటు తీయడం ఇంకో పని. రెంటినీ ఉప్పు విడదీసింది.

ఈ విడదీయడం ఊరికే రాలేదు. ఇక్కడికి దక్షిణాన, కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో, డాగెట్ దగ్గర, 1982లో సోలార్ వన్ అని పది మెగావాట్ల టవరు నడవడం మొదలైంది. అందులో కొసన నేరుగా నీటినే కాచేవారు. మబ్బు అడ్డొస్తే ఆవిరి తగ్గి టర్బైన్ తడబడేది. దాన్నే 1990లలో ఉప్పుకు మార్చి సోలార్ టూ అన్నారు. ఒకసారి అది దాదాపు వారం పాటు రాత్రీ పగలూ ఆగకుండా కరెంటు ఇచ్చింది. 1999లో ఆపేశారు. ఆ ఉప్పు పాఠమే స్పెయిన్ చేరి, 2011లో సెవిల్ దగ్గర హెమాసోలార్‌గా లేచింది. పదిహేను గంటల నిల్వ, 2,650 అద్దాలు. 2013లో అది వరసగా 36 రోజులు ఇరవై నాలుగు గంటలూ నడిచింది. అది 20 మెగావాట్లదే. ఇక్కడ మనం నిలబడ్డది దానికి అయిదు రెట్లకు మించినది. అంత దూరం ఒకే అంగలో దూకారు.

మధ్యాహ్నం దాటింది. ఒక తెల్లమబ్బు వస్తోంది చూడండి. దాని నీడ అద్దాల మీద నడుచుకుంటూ పోతుంటే, ఎక్కడికక్కడ కిరణాలు ఆరిపోతున్నాయి. కంట్రోల్ రూములో వాళ్లు ఉప్పు పంపును తగ్గించరు, ఎండ పూర్తిగా ఉన్నట్టే పారిస్తారు. మబ్బు తొలగిన క్షణాన ఎండంతా మళ్లీ మీద పడుతుంది, అప్పుడు గొట్టాల్లో ఉప్పు తక్కువగా ఉంటే లోహం కాలిపోతుంది. ఇంకో భయం దీనికి ఎదురుది. 240 డిగ్రీలకు దిగేసరికి ఉప్పు గడ్డకట్టడం మొదలెడుతుంది. వాల్వులో గడ్డకట్టిందా, నెయ్యి పేరుకున్న జారీ మూతిలా మూసుకుపోతుంది. అందుకే టవరు కింది ఉప్పు గొట్టాలకూ వాల్వులకూ కరెంటు తీగ చుట్టి వెచ్చగా కాపాడుతుంటారు.

సాయంత్రం ఆరున్నర. సూర్యుడు పడమటి కొండ మీద ఆనాడు. రిసీవర్ వెలుగు పసుపై, ఎరుపై, చివరికి నల్లబడింది. అద్దాలు ఒక్కొక్కటే వెల్లకిలా పడుకుంటున్నాయి. ఇదే గంటకు అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఇళ్ల కప్పుల మీది సోలార్ పలకలన్నీ దాదాపు పని మానేశాయి. ఇళ్లలో దీపాలు, ఏసీలు, పొయ్యిలు అప్పుడే మొదలయ్యాయి. టర్బైన్ శబ్దం మాత్రం మారలేదు. వినండి. దానికి పొద్దు గూకిన సంగతే తెలియదు. వేడి ట్యాంకు నిండా ఉంటే పది గంటలు, అంటే 11 లక్షల యూనిట్లు, దాని వెనక ఉన్నాయి.

మన పల్లెల్లో రాత్రి వంట అయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి పెట్టేవారు. తెల్లారి ఊదితే నివురు ఎగిరి, నిప్పు కణకణలాడుతూ బయటపడేది. అగ్గిపుల్ల ఖర్చు ఉండేది కాదు. ఈ ట్యాంకు అలాంటి నివురు. దీన్ని చూడటానికే నేను మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చాను.

చీకటి పడింది. వేడి ట్యాంకు దగ్గరికి రండి. చుట్టూ మందంగా పొదిగిన దూదిలాంటి పొర, దాని మీద రేకు. చెయ్యి పెడితే కాలదు. లోపల 565 డిగ్రీలు. ఈ ట్యాంకులో అందరూ మెచ్చుకునే భాగం ఏదీ లేదు. అద్దాలకు ఫొటోలు తీస్తారు, టవరుకు తీస్తారు. ఈ ట్యాంకు అడుగుకు ఎవరూ తీయరు. కానీ ఒక లెక్క చెబుతాను. స్టెయిన్‌లెస్ స్టీలు వేడెక్కితే సాగుతుంది. 43 మీటర్ల అడ్డమున్న పళ్లెం మామూలు వేడి నుంచి 565 డిగ్రీలకు చేరితే దాదాపు 40 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే నాలుగు దిక్కులా జానెడు. మీద వేల టన్నుల ఉప్పు బరువు. కింద పునాది. ఆ బరువు కింద, ఆ పునాది మీద రాపిడి పడుతూ, అడుగు పలక జరగాలి. ఒక పక్క వేడి ఉప్పు పడి ఇంకో పక్క ఇంకా చల్లగా ఉంటే పలక ఉబ్బుతుంది. వెల్డింగు చేసినప్పుడు అతుకుల్లో మిగిలిన బిగువు ఆ వేడిలో పగుళ్లవుతుంది. సన్నటి గీత చాలు.

మనం నిలబడ్డ ఈ రాత్రికి కొద్ది వారాల తర్వాత, 2016 అక్టోబరులో, ఈ ట్యాంకు కారింది. కేంద్రం ఎనిమిది నెలలు ఆగిపోయింది.

ఇక డబ్బు సంగతి. ఈ కేంద్రానికి దాదాపు 97.5 కోట్ల డాలర్లు అయింది. కిలోవాట్‌కు 8,800 డాలర్ల పైమాటే. అందులో 73.7 కోట్ల అప్పుకు 2011లో అమెరికా ప్రభుత్వం హామీ పడింది. నెవాడా కరెంటు సంస్థ ఎన్‌వీ ఎనర్జీ యూనిట్‌కు 13.5 సెంట్ల చొప్పున పాతికేళ్లు కొంటానని ఒప్పుకుంది. ఏటా 50 కోట్ల యూనిట్లు వస్తాయని అంచనా, అంటే ఏటా 6.75 కోట్ల డాలర్ల రాబడి. ఇక్కడ ఒక్క గింజ బొగ్గు కొనక్కర్లేదు. ఖర్చంతా కట్టేనాడే పెట్టేశారు, మిగిలింది అప్పూ వడ్డీ. కాబట్టి ఆగిన ప్రతి నెలా నేరుగా అసలు మీదే దెబ్బ. బొగ్గు కేంద్రం ఆగితే బొగ్గన్నా మిగులుతుంది. ఇక్కడ ఆగితే పడిన ఎండ పడినట్టే ఇసుకలోకి పోతుంది. ఎనిమిది నెలలంటే ఆ అంచనా ప్రకారం నాలుగున్నర కోట్ల డాలర్లు.

మరమ్మతయ్యాక కూడా అంచనాలో సగాన్నయినా ఏ ఏడాదీ అందుకోలేదు. 2019లో ఎన్‌వీ ఎనర్జీ ఒప్పందం రద్దు చేసుకుంది. 2020లో కేంద్రం యజమాని కంపెనీ దివాలా తీసింది. ప్రభుత్వం తనకు రావాల్సిన 42 కోట్ల చిల్లరలో 20 కోట్లతో సర్దుకుంది. 2021లో కొత్త యాజమాన్యం కింద అద్దాలు మళ్లీ లేచాయి.

ఈ మధ్యలో లోకం ఆగలేదు. 2017 ఏప్రిల్లో మన కడప సోలార్ పార్కు వేలంలో సోలార్ పలకల కరెంటు యూనిట్ 3.15 రూపాయలకు వచ్చింది. మరుసటి నెల రాజస్థాన్ భడ్లాలో 2.44కు దిగింది. క్రెసెంట్ డ్యూన్స్ యూనిట్ అప్పటి మారకంలో ఎనిమిదిన్నర రూపాయల పైన. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి టవర్ల పని అయిపోయిందని తీర్పు చెప్పినవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. పలక అమ్మేది పగటి కరెంటు, టవరు అమ్మేది రాత్రి పదింటి కరెంటు. ఈ పోలిక సరిగ్గా చేయాలంటే పలకకు బ్యాటరీ కూడా కట్టి చూడాలి. అలా చూసినా, నిజం చెప్పాలి, నాలుగైదు గంటల నిల్వకు ఇప్పుడు బ్యాటరీయే గెలుస్తోంది. టవరుకు మిగిలింది పొడుగు రాత్రి. చిలీలోని అటకామా ఎడారిలో 2021లో మొదలైన సెర్రో డొమినాడోర్‌లో పదిహేడున్నర గంటల నిల్వ పెట్టింది అందుకే. వేలమంది తెలుగువాళ్లు పొట్ట చేతబట్టుకుని వెళ్లిన దుబాయిలో 262 మీటర్ల టవరు లేచింది. పక్కనే పొడవాటి అద్దాల తొట్లతో ఎండను పోగు చేసే కేంద్రాలతో కలిపి అక్కడి వేడి కరెంటు యూనిట్‌కు 7.3 సెంట్లకు కుదిరింది. కేంద్రాలు పెరిగేకొద్దీ ధర దిగుతుందనడానికి ఇదే సాక్ష్యం. అంతర్జాతీయ సంస్థ ఐరీనా లెక్కల్లో ఈ రకం కరెంటు 2010లో సగటున 39 సెంట్లుండి, 2023 నాటికి 12 సెంట్ల లోపుకు వచ్చింది.

అయినా ట్యాంకు అడుగు ఇంకా లొంగలేదు. 2024లో మొరాకోలోని నూర్-3 టవరు కేంద్రంలో కూడా వేడి ఉప్పు ట్యాంకే కారి కేంద్రం నెలల తరబడి ఆగింది. క్రెసెంట్ డ్యూన్స్‌కు రాకెట్ ఇంజన్లు చేసిన రాకెట్‌డైన్ సంస్థ పరిజ్ఞానంతో రిసీవర్ చేసుకున్నారు. అద్దాల్ని మిల్లీమీటరు తప్పకుండా తిప్పడం నేర్చుకున్నారు. చమురు కంపెనీలు నూరేళ్లుగా కడుతున్న ట్యాంకే కదా అని దాన్ని తేలిగ్గా తీసుకున్నారనిపిస్తుంది నాకు. చమురు ట్యాంకుకు 565 డిగ్రీల వేడి ఉండదు. ఈ కేంద్రాలను ముంచినది పైన మండిన సూర్యుడు కాదు, కింద జరగలేని జానెడు స్టీలు.

మనవైపు టవరు లేదు. అనంతపురం జిల్లా నాగలాపురం దగ్గర 2014లో 50 మెగావాట్ల కేంద్రం వచ్చింది. హైదరాబాదు కంపెనీ మేఘా కట్టింది. అందులో పొడవాటి అద్దాల తొట్లు ఎండను గొట్టం మీదికి పోగు చేస్తాయి. ఉప్పు ట్యాంకులు లేవు. సూర్యుడు దిగగానే టర్బైన్ వేడీ దిగిపోతుంది.

ఇక బయల్దేరుదాం, తిరుగు దారి దూరం. ఒక్క మాట. రేపు పేపర్లో ఏదైనా సోలార్ టెండరు రేటు చూసినప్పుడు, ఆ యూనిట్ ఏ గంటకు ఇస్తామన్నారో కూడా వెతకండి. వార్తలో అది లేకపోతే, రాసినవాళ్లను అడగండి.